ఖోఖో గీతలు, నోటుపుస్తకం గీతలు: ఐదో తరగతి ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఇదీ. ఐదో తరగతి పిల్లలు ఎనిమిది వారాల పాటు వారానికి మూడు రోజులు ఖోఖో ఆడాలి. ఆడిన రోజే నోటులో నాలుగు ముక్కలు రాయాలి: ఈరోజు ఏం చేశాను, ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది, రేపు ఏం మార్చి చూస్తాను. మైదానంలో తీసే కొలతలు గణితం పీరియడ్‌లోకి, రాసిన వాక్యాలు తెలుగు పీరియడ్‌లోకి, నాడి లెక్క పరిసరాల విజ్ఞానంలోకి వస్తాయి.

ఈ నోటు అవసరం ఎక్కడ పడిందో ముందే చెప్పాలి. బడుల్లో ఏడాది పొడవునా పిల్లల్ని గమనించే నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) తెచ్చినప్పుడు, అందులో పాఠాలు నడుస్తుండగానే చేసే నిర్మాణాత్మక మూల్యాంకనానికి నాలుగు సాధనాలు పెట్టారు: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. చివరి మూడింటికీ చేతిలో కాగితం ఉంటుంది. ప్రతిస్పందన దగ్గరికి వచ్చేసరికి రిజిస్టర్లో మార్కు ఉంటుంది కానీ పిల్లవాడు ఏం ఆలోచించాడో చూపే కాగితం దొరకదు. ఆ కాగితం పిల్లల చేతి రాతలోనే ఉండాలన్నది ఈ పని ఉద్దేశం.

సామాను: 30 మీటర్ల టేపు ఒకటి, పురికొస ఒక ఉండ, అడుగు పొడవు వెదురు మేకులు పన్నెండు, నున్నగా చెక్కించిన సరుగుడు గుంజలు రెండు, ముగ్గుపిండి 5 కిలోలు, పాత ఇంటి పెంకు ముక్కలు ఇరవై, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, ఒక్కొక్కరికీ వంద పేజీల నోటు. గీతలకు సున్నం వాడకూడదు. పొడి సున్నం కంట్లో పడితే కన్ను కాలుతుంది, చెమట పట్టిన కాళ్లకు తగిలితే పొక్కుతుంది. ముగ్గుపిండి గీత కాస్త మసగ్గా ఉన్నా పిల్లలకు ప్రమాదం లేదు.

1వ వారం: కోర్టు గీయడం

పెద్దల ఖోఖో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. మధ్య బాట వెడల్పు 30 సెంటీమీటర్లు, అందులో 30 సెంటీమీటర్ల చదరపు గడులు ఎనిమిది, రెండు కొసలా నేల మీద 120 నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తు గుంజలు. తొమ్మిది, పదేళ్ల పిల్లలకు అది చాలా పెద్దది. రెండు చుట్లకే ఆయాసం వచ్చి మిగతా ఆటంతా నడకైపోతుంది. అందుకని 16 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఎంచుకున్నాం. ఈ అంకెలు ఎంచుకోవడంలో ఒక లాభం ఉంది: 12, 16 భుజాలైతే కర్ణం సరిగ్గా 20 మీటర్లు వస్తుంది. మూల లంబంగా ఉందో లేదో పిల్లలే టేపుతో సరిచూసుకోవచ్చు.

మొదట తాడుకు 3, 4, 5 మీటర్ల దగ్గర ముడులు వేసి త్రిభుజం పట్టించాం. ఇందులో రెండు తప్పులు దొర్లాయి. ముడి వేస్తే తాడులో మూడు, నాలుగు సెంటీమీటర్లు ముడిలోకే పోతాయి. కొలిచాక ముడి వేస్తే కొలత తగ్గిపోతుంది. ముడికి బదులు అక్కడ రంగు దారం చుట్టాలి. రెండోది, నైలాన్ తాడు లాగిన కొద్దీ సాగుతుంది. అందుకే పురికొస తెప్పించాం. చిన్న త్రిభుజంతో ఇంకో చిక్కుంది. 4 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు పక్కకు పోతే, అదే గీత 16 మీటర్ల దాకా సాగేసరికి 20 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. కాబట్టి త్రిభుజం మూల పట్టుకోవడానికే, ఆఖరి మాట రెండు కర్ణాలదే. రెండూ 20 మీటర్లు వస్తే దీర్ఘచతురస్రం కుదిరినట్టు.

గుంజలు కొస గీతలకు ఒక్కో మీటరు లోపల, పక్క గీతలకు 6 మీటర్ల దూరంలో. గుంజకూ గుంజకూ మధ్య 14 మీటర్లు. అందులో ఆరు గడులు సమదూరంలో పెట్టాలి. పిల్లలు దాదాపు అందరూ 14ని 6తో భాగించారు. రెండు పోను రెండు మిగిలింది, ఎటూ తెగలేదు. అక్కడ జవాబు చెప్పేయకుండా ఆరుగురు పిల్లల్ని గుంజల మధ్య నిలబెట్టి, వాళ్ల మధ్య సందుల్లో ఒక్కొక్కరు దూరి లెక్కపెట్టారు. గుంజ దగ్గరి సందులు రెండూ కలిపి ఏడు. 14ని 7తో భాగిస్తే 2. గడి నడిమి నుంచి గడి నడిమికి రెండు మీటర్లు.

ముగ్గుపిండి లెక్క కూడా వాళ్లదే. చుట్టూ 56 మీటర్లు, మధ్య బాటకు రెండు గీతలు 28, గడుల అడ్డ గీతలు ఒక్కోటి 30 సెంటీమీటర్ల చొప్పున పన్నెండు, అంటే 3 మీటర్ల 60. మొత్తం 87 మీటర్ల 60. మీటరుకు గుప్పెడు, త్రాసులో తూస్తే సుమారు 50 గ్రాములు. అంటే 4 కిలోల 380 గ్రాములు. 5 కిలోల సంచి సరిపోయింది.

గుంజ 180 సెంటీమీటర్లు తెప్పించి 60 నేలలోకి దించాలి. మాది నల్లరేగడి. ఎండకు పగిలి గుంజ చుట్టూ ఖాళీ వస్తుంది, వానకు ఉబ్బి ఒక పక్కకు నెడుతుంది. గుంతలో ఇటుక ముక్కలు పోసి దిమ్మిస చేస్తేనే నిలబడుతుంది. పిల్లలు పరుగు మీద వచ్చి గుంజను ఒక చేత్తో పట్టుకుని తిరుగుతారు కాబట్టి అది కదలడం అంటే మణికట్టు బెణకడమే.

మూలల్లోనూ గడుల దగ్గరా పెంకు ముక్కలు నేల మట్టానికి పూడ్చాం. వానకు గీత పోయినా మళ్లీ కొలవనక్కర్లేదు, పెంకు నుంచి పెంకుకు పురికొస లాగితే చాలు. పెంకు అంచు పైకి రాకూడదు. ఉత్త కాళ్లతో ఆడేవాళ్లే ఎక్కువ.

2వ వారం: ‘ఆట బాగుంది’

మొదటి రోజు నోట్లన్నీ ఒకటే పాట. ‘ఈరోజు ఖోఖో ఆడాను. ఆట బాగుంది. నాకు చాలా సంతోషంగా ఉంది.’ కొందరు దానికింద పువ్వు వేశారు. ఇది పిల్లల తప్పు కాదు. బడిలో ఇప్పటిదాకా రాయమన్నదంతా టీచరు మెచ్చుకోవడానికి రాసిందే. ఏది రాస్తే టిక్కు పడుతుందో అది రాశారు.

రెండో చిక్కు సమయం. ఆట ఆఖరి పీరియడ్‌లో పెడితే రాసే వేళకు సంచి భుజాన వేసుకుని ఉంటారు. ఆడి రాగానే రాయమంటే చేతి చెమటకు కాగితం తడిసిపోతుంది, దాహం, అరుపులు. చివరికి కుదిరిన వరస ఇది: ఆట ఆఖరి పీరియడ్‌కు ముందు పీరియడ్‌లో, ఆ తర్వాత నీళ్లు తాగి కాళ్లు కడుక్కోవడానికి పది నిమిషాలు, రాతకు పన్నెండు నిమిషాలు. పన్నెండు దాటితే వాక్యాలు పెరుగుతాయి కానీ విషయం పెరగదు.

‘ఎక్కడ తప్పింది?’ అన్నదానికి సగం నోట్లలో ఎదుటివాళ్ల పేర్లు వచ్చాయి: వాడు తోశాడు, ఆమె ఖో సరిగా చెప్పలేదు. వాక్యం ‘నేను’తో మొదలవ్వాలని నియమం పెట్టాం. ‘నేను వాడి వల్ల పడాను’ అని వచ్చింది. నియమం పాటించారు, విషయం మారలేదు.

అసలు ఇబ్బంది ‘ఎందుకు’ అనే మాటలో ఉంది. ఈ వయసులో ఎందుకు అని అడిగితే తిడుతున్నట్టు వినిపిస్తుంది, సంజాయిషీ చెబుతారు. మూడో ప్రశ్న తీసేసి దాని చోట ఇది పెట్టాం: ‘అప్పుడు నీ కాలు, చెయ్యి, కన్ను ఎక్కడున్నాయి?’

మర్నాటి నోట్లు చదివితే తేడా వెంటనే తెలిసింది. గొంతుకూర్చున్న ఒక అమ్మాయి రాసింది: ‘ఖో వినగానే లేచాను. రెండు కాళ్లూ పక్కపక్కన ఉన్నాయి. చెయ్యి నేలకు ఆనలేదు. కన్ను గుంజ వైపు చూస్తోంది. వాడు రెండో వైపు పోయాడు.’ శిక్షకుడు చెప్పాల్సినదంతా ఆ ఐదు వాక్యాల్లో ఉంది. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి కూర్చుంటే లేవడానికే ఒక అడుగు సమయం పోతుంది. ఒక పాదం వెనక్కి పెట్టి, వేళ్ల మీద బరువు ఉంచి, చేతులు నేలకు తాకిస్తే లేవడమూ ఉరకడమూ ఒకే కదలిక అవుతుంది. ఇది ఆమెకు చెప్పలేదు. నాలుగో ప్రశ్న కింద ఆమే రాసింది: ‘రేపు ఒక కాలు వెనక్కి పెడతాను.’

దానికి తోడు ఇంకో మార్పు. ఆటకు ముందు ఐదు నిమిషాలు ఎవరి ‘రేపు’ వాక్యం వాళ్లు చదువుకోవాలి. మొదటి విడత ఆట ఆ ఒక్క మార్పు పట్టి చూడటానికే. మార్కు లేదు, గెలుపోటములు లేవు. రాసినది మర్నాడు తమకే పనికొస్తుందని తెలిశాక పువ్వులు ఆగిపోయాయి.

3వ వారం: ఒత్తులు

నోట్లు తీసి చూస్తే ఎక్కువ తప్పులు ఒక్క చోటే: ‘పడాను’, ‘చెపాడు’, ‘పటుకున్నాను’, ‘గటిగా అరిచాను’, ‘అడం వచాడు’. అన్నిట్లో పోయింది ద్విత్వం ఒత్తు. ఆలోచిస్తే దీనికి కారణం ఆటలోనే ఉంది. తెలుగులో ఒంటితో చేసే పనుల మాటల్లో ద్విత్వాలు మెండు: పడ్డాను, పట్టుకున్నాను, కొట్టాను, తొక్కాను, ఎక్కాను, నెట్టాను, గట్టిగా, అడ్డం, చప్పట్లు. పాఠ్యపుస్తకంలో కంటే ఆట గురించి రాస్తే ఈ ఒత్తులు ఎక్కువగా వస్తాయి. ఒత్తులకు ఇంతకంటే మంచి సాధన ఇంకోటి లేదు.

నోటులో ఎర్ర సిరా పెట్టలేదు. పెడితే మర్నాటి నుంచి పిల్లలు తప్పు రాని మాటలే రాస్తారు, అంటే మళ్లీ ‘ఆట బాగుంది’ దగ్గరికి వస్తారు. తప్పిన మాటల్ని వేరే కాగితం మీద రాసుకుని తెలుగు పీరియడ్‌లో జంటలుగా బోర్డు మీద పెట్టాం: పడాను–పడ్డాను, గటి–గట్టి. చప్పట్లతో పలికించాలి. ‘పడ్డాను’ అన్నప్పుడు డ దగ్గర గొంతు ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఆగడమే ఒత్తు. చెవికి దొరికాక చేతికి దొరుకుతుంది. తర్వాత గోడ మీద ‘ఆట మాటలు’ అని చార్టు పెట్టాం, రాసేటప్పుడు తలెత్తి చూసుకోవచ్చు.

మాండలికం సంగతి. ఒకరు ‘ఉరికిన’ అని, ఒకరు ‘లగెత్తాను’ అని, ఒకరు ‘పరిగెత్తాను’ అని రాశారు. మూడూ సరే. చార్టులో మూడూ పక్కపక్కన ఉన్నాయి. ఇంట్లో మాట నోటులోకి రానిస్తేనే ఇంట్లో మాట్లాడినంత ధారాళంగా రాస్తారు.

ఇంకా రాయడం కుదరని పిల్లలూ ఉన్నారు. వాళ్లు బొమ్మ వేస్తారు: మనిషికి పుల్లల బొమ్మ, కాలు ఎక్కడుందో బాణం. బొమ్మ చూపిస్తూ చెప్పిన మాట పక్కవాళ్లు రాసిపెట్టాలి. చెప్పిన మాట చెప్పినట్టే రాయాలి, సరిదిద్దకూడదు. ఆ తర్వాత తన వాక్యాన్ని తానే వేలు పెట్టి చదవాలి. తన నోట వచ్చిన మాటే కాబట్టి అక్షరాలు ఊహించడం తేలికవుతుంది.

4వ వారం: 9.8 పెద్దదా, 9.12 పెద్దదా

ఈ వారం పరుగు సమయాలు, దూకిన దూరాలు. బడి పిల్లలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో తొమ్మిదేళ్ల నుంచి 50 మీటర్ల పరుగు ఉంది, అదే తీసుకున్నాం. స్థలం చాలకపోతే 30 మీటర్లు పెట్టుకోవచ్చు కానీ 25 వెళ్లి 25 తిరిగి రావడం పెట్టకూడదు. మలుపులో పోయే సమయం పరుగు సమయంలో కలిసిపోతుంది.

ఈల ఊది మొదలుపెట్టడం మొదటి తప్పు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 50 మీటర్ల అవతల గీత దగ్గర ఫోను పట్టుకున్నవాళ్లకు ఈల 0.15 సెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. అందుకని ఎత్తిన ఎర్ర గుడ్డ కిందికి దించాలి, ఫోను పట్టుకున్నవాళ్లు గుడ్డనే చూడాలి. ఆ పైన వేలు నొక్కడానికి పట్టే సమయం మనిషికీ మనిషికీ మారుతుంది. ఫోను నూరో వంతు దాకా చూపిస్తుంది గానీ ఆ రెండో అంకెను నమ్మడానికి లేదు. ఒక్క దశాంశ స్థానం దాకానే రాయాలి.

ఆ నిర్ణయానికి రాకముందు బోర్డు మీద 9.8, 9.12 ఉన్నాయి. ఎవరు ముందు వచ్చారని అడిగితే తరగతి అంతా 9.8 అంది. పన్నెండు కంటే ఎనిమిది చిన్నది కదా అన్నారు. దశాంశ బిందువు తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలా చదివారు. ఇక్కడ సూత్రం చెప్పలేదు. మీటరు స్కేలు నేల మీద పెట్టి, ఒక సెకనును పది డెసీమీటర్ల గీతలా అనుకోమన్నాం. .8 అంటే ఎనిమిది పెద్ద గళ్లు, 80 సెంటీమీటర్లు. .12 అంటే ఒక పెద్ద గడి, రెండు చిన్న గళ్లు, 12 సెంటీమీటర్లు. స్కేలు మీద వేలు పెట్టాక 9.12 ముందు వచ్చిందని వాళ్లే అన్నారు.

రెండో గందరగోళం పట్టీ పటంలో (బార్ గ్రాఫు) వచ్చింది. ఎక్కువ సమయం పట్టినవాళ్ల పట్టీ పొడుగ్గా ఉంది కాబట్టి వాళ్లే గెలిచారని చదివారు. దూరం కొలిచే దూకడంలో పొడుగు పట్టీ గెలుపు, సమయం కొలిచే పరుగులో పొట్టి పట్టీ గెలుపు. రెండు పటాలూ పక్కపక్కన అతికిస్తే కానీ ఇది తెమలదు.

దూకిన దూరం కొలవడంలో సర్వసాధారణంగా జరిగే పొరపాటు: గీత నుంచి కాలి బొటనవేలి దాకా కొలుస్తారు. గీతకు దగ్గరగా ఉన్న గుర్తు దాకా కొలవాలి, అది మడమ కావచ్చు, వెనక్కి ఆనించిన చెయ్యి కావచ్చు. టేపు కొస విరిగిపోయి 10 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెడితే ఆ 10 తీసెయ్యడం మరిచిపోతారు. టేపు మీదే స్కెచ్ పెన్నుతో ‘10 తియ్యి’ అని రాశాం.

నాడికి మెడ పక్కన రెండు వేళ్లు, 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించాలి. మొదటి కొట్టుకోవడాన్ని ‘సున్నా’ అనాలి. ‘ఒకటి’ అంటే నిమిషానికి నాలుగు ఎక్కువ వస్తుంది.

5వ వారం

నాలుగు రోజులు వాన. నేల ఆరకుండా ఆడిస్తే గుంజ దగ్గర జారతారు. వరండాలో అష్టాచెమ్మా, వామనగుంటలు. నోటు మాత్రం ఆగలేదు. వామనగుంటల రోజు ‘కన్ను ఎక్కడుంది?’ అన్నదానికి ఒకరి రాత: ‘నా గుంటల మీదే ఉంది, ఎదుటి గుంటలో ఎన్ని గింజలున్నాయో చూడలేదు.’

6వ వారం: చిన్న తరగతులకు పరీక్షలు

ఐదో తరగతి పిల్లలే ఒకటి, రెండు తరగతులకు రెండు పరీక్షలు పెట్టారు. ఖేలో ఇండియాలో ఐదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు ఉన్నవే. మొదటిది ఒంటికాలి నిలకడ: 50 సెంటీమీటర్ల పొడవు, 5 ఎత్తు, 3 వెడల్పు చెక్క మీద ఒంటికాలితో నిలబడి, 60 సెకన్లలో ఎన్నిసార్లు పడ్డారో లెక్కపెట్టాలి. పడినప్పుడల్లా వాచీ ఆపాలి, మళ్లీ నిలదొక్కుకున్నాక నడపాలి. మొదట్లో వాచీ ఆపడం మరిచిపోయి కొందరికి నిమిషం ముందే అయిపోయింది. చెక్క కదలకుండా అడుగున గోనెసంచి పరిచాం.

రెండోది పళ్లాల పరీక్ష: 20 సెంటీమీటర్ల గుండ్రటి అట్టలు రెండు, వాటి కేంద్రాల మధ్య 60 సెంటీమీటర్లు, నడుమ 30, 20 సెంటీమీటర్ల దీర్ఘచతురస్రం. ఒక చెయ్యి నడుమ ఉంటుంది, రెండో చెయ్యి రెండు అట్టల్నీ మార్చి మార్చి 25 జంటలు తాకాలి, పట్టిన సమయం రాయాలి. బల్ల ఎత్తు నాభి దగ్గరగా ఉండాలి. పెద్దవాళ్ల బల్ల మీద పెడితే చిన్నవాళ్లు చెయ్యి ఎత్తి తాకాల్సి వచ్చి సమయం పెరిగిపోతుంది. పాఠశాల అరుగు సరిపోయింది.

ఒకరికి పరీక్ష పెట్టడం వల్ల నోట్లలో కొత్త వాక్యాలు వచ్చాయి. ‘చెల్లి కింద చూసినప్పుడు పడింది, గోడ మీద చుక్క చూసినప్పుడు పడలేదు.’

7, 8 వారాలు: నోటు తరగతిలోకి రావడం

ఆడకుండా కూర్చోవాల్సిన పిల్లలు ప్రతి రోజూ ఇద్దరు, ముగ్గురు ఉంటారు. జ్వరం తగ్గినవాళ్లు, కాలికి దెబ్బ తగిలినవాళ్లు. వాళ్లకు ‘చూసినవాళ్ల నోటు’ ఇచ్చాం: ఒక్క మనిషినే పట్టుకుని ఒక విడత నాలుగు నిమిషాలూ చూడాలి. ఈ నోట్లే అన్నిటికంటే చిక్కగా వచ్చాయి. పక్కవాళ్ల కాలు ఎక్కడుందో బయట నుంచే బాగా కనిపిస్తుంది. ఒకరి నోటు ద్వారానే అమ్మాయిలకు ఖో తక్కువ అందుతోందని బయటపడింది. ‘వాళ్లు దగ్గరున్నా దాటి పోయి అబ్బాయికి ఇచ్చాడు, మూడుసార్లు.’ ఆ మర్నాటి నుంచి గడుల్లో అమ్మాయి, అబ్బాయి ఒకరి తర్వాత ఒకరు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్పులో మహిళల కప్పూ పురుషుల కప్పూ రెండూ భారత్‌వేనని బోర్డు మీద రాసి ఉంచాం.

అన్నిటికంటే విలువైనది గణితం పీరియడ్‌లో దొరికింది. 403లోంచి 178 తీయమంటే చాలామందికి 375 వస్తుంది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తారు. ఇన్నాళ్లూ అరువు పద్ధతి మళ్లీ చెప్పేవాళ్లం. ఈసారి నోటు ప్రశ్నే అడిగాం: ‘తీసేటప్పుడు నీ కన్ను ఎక్కడుంది?’ ఒక అబ్బాయి లెక్క పక్కనే రాశాడు: ‘కన్ను 8 మీద ఉంది. 8 పెద్దది, అందుకని 8లోంచి 3 తీశాను. పైన ఎవరున్నారో చూడలేదు. రేపు పై అంకె మీద వేలు పెడతాను.’ మర్నాడు పై అంకె మీద వేలు పెట్టి చేశాడు. సున్నా దగ్గర ఆగి, వందల నుంచి తెచ్చుకుని, 225 తెచ్చాడు.

ఇప్పుడు లెక్కల నోటులో కుడి పక్క మూడు వేళ్ల వెడల్పు మార్జిన్ వదిలిస్తున్నాం, ‘కన్ను’ అని పైన రాసి.

మిగిలిన పని: తూర్పు గుంజ మళ్లీ వదులైంది, గుంతను మళ్లీ తవ్వి ఇటుక ముక్కలతో పాటు కంకర దిమ్మిస చెయ్యాలి. నాలుగో గడి దగ్గర పెంకు అంచు పైకి తేలింది, సోమవారం ఆటకు ముందే పూడ్చాలి. ముగ్గుపిండి ఇంకో 5 కిలోలు. నాలుగో తరగతికి నోట్లు.